పాదం గీసిన కాగితం

ప్రొద్దుటూరులో తెల్లవారి అయిదున్నరకు పెన్నా వంతెన వైపు పోయే రోడ్డు మీద ఒక వింత కనబడుతుంది. ముందు రెండు జడలు మడిచి కట్టుకున్న ఆడపిల్ల పరిగెత్తుతుంటుంది. వెనకే హెడ్‌లైటు వేసుకుని ఒక ఆటో వస్తుంటుంది. హారన్ ఒకసారి మోగితే పిల్ల వేగం తగ్గిస్తుంది, రెండుసార్లు మోగితే పెంచుతుంది, ఆగకుండా మోగితే ప్రాణం పెట్టి ఉరుకుతుంది. కొత్తగా చూసినవాళ్లు ఆటోవాడు పిల్లను తరుముతున్నాడనుకుంటారు. ఒక పాలాయనైతే క్యాను రోడ్డు పక్కన పెట్టి, ఆటోకు అడ్డం నిలబడి, లోపలి మనిషి కాలరు పట్టుకున్నాడు. పిల్లే వెనక్కి పరిగెత్తుకొచ్చి, "ఆయన మా నాన్న, అన్నా! వదిలిపెట్టు" అని విడిపించుకోవాల్సి వచ్చింది.

ఆ పిల్ల పేరు జాస్మిన్. పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. ఆటోలో ఉన్నది ఆమె తండ్రి షాహుల్. టీకొట్టు దగ్గర చేరేవాళ్లకు ఈ తండ్రీకూతుళ్లు రోజూ దొరికే కాలక్షేపం.

"ఏంది షాహులూ, గ్యాస్ అయిపోయిందా? బిడ్డ చేత ఆటో లాగిస్తాండావు?" అని ఒకాయన మొదలుపెడతాడు.

"నువ్వూ ఎక్కు మామా, నిన్ను గూడా లాగుతాది" అని షాహుల్ ఆటో ఆపకుండానే జవాబు విసిరేసి పోతాడు.

ఈ పరుగంతా నవంబరులో రాబోయే ఒక శనివారం కోసం. ఆరోజు పులివెందులలో రాష్ట్ర పోటీలకు పంపే జట్టు ఎంపిక. పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లల ఆరు వందల మీటర్ల పరుగులో మొదటి ఇద్దరినే తీసుకుంటారు. పోయిన ఏడాది జాస్మిన్ మూడోది వచ్చింది. పులివెందుల నుంచి ఇంటికి చేరేదాకా ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడలేదు, అన్నం ముందు కూర్చుని కూడా మాట్లాడలేదు. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. అంటే ఇదే ఆఖరి అవకాశం. మూడో స్థానానికీ రెండో స్థానానికీ మధ్య ఉన్న ఆ నాలుగడుగుల దూరాన్ని ఏడాది పొడుగునా హారన్ కొట్టి కొట్టి చెరిపేయాలని షాహుల్ పంతం.

షాహుల్‌కు ఈ బిడ్డ పిచ్చి ఎప్పుడు పట్టిందో చెప్పాలంటే జడల దగ్గర మొదలుపెట్టాలి. జాస్మిన్‌కు ఆరేళ్లప్పుడు తల్లి మాబున్నికి ఆపరేషను చేసి, రెండు నెలలు మంచం దిగొద్దన్నారు. మొదటిరోజు షాహుల్ వేసిన జడల్లో ఒకటి చెవి పైన మొదలైంది, ఇంకొకటి మెడ మీద మొదలైంది. అతని ఆటోలో బడికి పోయే పదకొండు మంది పిల్లలూ పొట్ట పట్టుకుని నవ్వారు. షాహుల్ మొండిఘటం. ఆటో స్టాండులో కూర్చుని సీటు కవరుకు వేలాడే దారాలు అల్లి, విప్పి, మళ్లీ అల్లి, వారం తిరిగేసరికి పాపిట తీయడం దగ్గర్నుంచి రిబ్బను పువ్వు కట్టడం దాకా నేర్చేశాడు. మాబున్ని మంచం దిగి దువ్వెన చేతికి తీసుకుంటే, జాస్మిన్ "నాన్నే వెయ్యల్ల" అని కూర్చుంది. వీధి వీధంతా షాహుల్‌ను పొగిడింది. మాబున్నికి ఒళ్లు మండింది.

"ఆరేండ్లు నేను ఏస్తి. ఒక్కరన్నా బాగుండాయన్యారా? ఈ మనిషి రెండు నెల్లు ఏసేసరికి ఊరంతా నోరు తెరుసుకోని సూస్తాండాది" అంది.

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? తల్లి చేస్తే పని, తండ్రి చేస్తే వార్త. మన ఊళ్ల తీరు ఇంకా అక్కడే ఉంది. షాహుల్‌కు మాత్రం ఆ పొగడ్తలు కాస్త తలకెక్కిన మాట వాస్తవం. బడిలో తల్లిదండ్రుల మీటింగుకు పోతాడు, పాతికమంది అమ్మల మధ్య ఒక్కడే మగవాడు, కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. "నా బిడ్డ సంగతి నాకు తెలిసినట్టు ఎవురికీ తెలీదు" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతాడు. ఆ మాట ఎవరికి తగలాలని అంటాడో, ఆ మనిషి జమ్మలమడుగులో ఉంటాడు. ఆయన షాహుల్ తండ్రి అలీ అహ్మద్.

వాళ్లది దూదేకుల కుటుంబం, ఇంట్లో మాట తెలుగే. నిజానికి ఆ ఇంట్లో తండ్రికీ బిడ్డకూ ఎడం వచ్చింది అలీ అహ్మద్‌తోనే. ఆయన తండ్రి దూది ఏకే విల్లు భుజాన వేసుకుని దువ్వూరు, వల్లూరు పల్లెలన్నీ తిరిగేవాడు. చిటికెనవేలు పట్టుకుని వెంట అలీ. తండ్రి దూది ఏకుతుంటే పిల్లవాడు పక్కనే కుప్పలో పడి నిద్రపోయేవాడు, లేచాక తండ్రి చేతి ముద్ద తినేవాడు. పాతకాలం తండ్రులు పిల్లల్ని దగ్గరికి తీసుకోలేదని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, పగలంతా బిడ్డను వెంటేసుకుని బతికినవాళ్లూ ఉన్నారు. దాన్నెవరూ గొప్పగా చెప్పుకోలేదు. తర్వాత ఫ్యాక్టరీ పరుపులు వచ్చాయి, విల్లు అటకెక్కింది, అలీ అహ్మద్ కువైట్ విమానం ఎక్కాడు. అప్పటికి షాహుల్‌కు అయిదేళ్లు.

ఇరవై రెండేళ్లు అక్కడ ఒక అరబ్బు ఇంట్లో కారు తోలాడు. రెండేళ్లకోసారి వచ్చేవాడు, రెండు నెలలు ఉండి పోయేవాడు. వచ్చిన ప్రతిసారీ కొడుక్కి బూట్లు తెచ్చేవాడు. ఆ బూట్ల కోసం ఇంట్లో ఒక తంతు నడిచేది. తల్లి సైదున్నీసా నోటుపుస్తకంలో కాగితం చించి నేల మీద పరిచేది. షాహుల్ దాని మీద కాలు పెట్టి, పడిపోకుండా తల్లి భుజం పట్టుకుని నిలబడేవాడు. ఆమె పెన్సిలుతో పాదం చుట్టూ గీత గీసి, మడిచి, ఉత్తరంలో పెట్టి పంపేది. కువైట్‌కు మగవాళ్లు పోయిన ఇళ్లలో ఇది మామూలే. ఆ కాగితం సముద్రం దాటి పోయేసరికి నెల. అలీ అహ్మద్ బూట్లు కొని పెట్టెలో దాచి, సెలవు దొరికి వచ్చేసరికి ఇంకో ఎనిమిది నెలలు, పది నెలలు. కాగితం మీద పాదం అట్లనే ఉండేది, జమ్మలమడుగులో పాదం ఆగేది కాదు. ఒకసారి తెలివిగా రెండు సైజులు పెద్దవి తెచ్చాడు, అవి పడవల్లా ఊడిపోయాయి. షాహుల్ ఎదిగేదాకా తెచ్చినవాటిలో ఒక్క జత, ఒక్కటంటే ఒక్క జత, సరిగ్గా పట్టలేదు.

షాహుల్‌కు తొమ్మిదేళ్లప్పుడు జరిగింది ఇంకా విచిత్రం. అప్పట్లో తండ్రితో మాటలన్నీ టేపురికార్డరులోనే. క్యాసెట్టు నింపి, పోయేవాళ్ల చేత పంపేవాళ్లు. ఆ ఏడు తండ్రి వచ్చి నల్ల బూట్లు చేతిలో పెట్టి, "సరిపోయినాయా?" అని అడిగాడు. బూట్లు వేళ్లను కరుస్తున్నాయి. అయినా వాడు "సరిపోయినాయి నాయనా" అన్నాడు. ఆ తర్వాత ఏం చేశాడో తెలుసా? తండ్రి బయట అరుగు మీద కూర్చుని ఉండగానే, లోపలికి పోయి, టేపురికార్డరు నొక్కి, "నాయనా, బూట్లు శానా బిగుతు. కాలు నొస్తాంది. నీతో చెప్పాలంటే బయమైతాంది" అని చెప్పి, ఆ క్యాసెట్టు తీసి తల్లికిచ్చాడు, కువైట్‌కు పంపమని. వాడి లెక్కలో నాయన అంటే కువైట్‌లో ఉండేవాడు. అరుగు మీద ఉన్నాయన ఎవరో చుట్టం. ఆ క్యాసెట్టు ఏమైందో షాహుల్ తర్వాత ఎన్నడూ అడగలేదు.

అందుకే తనకు బిడ్డ పుట్టిన రోజున షాహుల్ ఒట్టు పెట్టుకున్నాడు, ఎక్కడికీ పోనని. రెండుసార్లు వీసా వచ్చినా చించేశాడు. కువైట్ నుంచి తిరిగొచ్చేసిన అలీ అహ్మద్‌కు ఇది మింగుడుపడలేదు. "తండ్రంటే తెచ్చి పెట్టేటోడు. జడలేసేటోడు గాదు" అనేవాడు. తండ్రీకొడుకులు కలిస్తే నాలుగు మాటలు, అందులో రెండు వానల గురించి.

సరే, శనివారం వచ్చింది. తెల్లవారి నాలుగున్నరకు షాహుల్ బీరువా మీద నుంచి ఒక డబ్బా దించాడు. ఎర్ర బూట్లు! జూన్‌లో కడపకు కిరాయికి పోయినప్పుడు పెద్ద షాపు అద్దంలో చూసి మనసు పారేసుకున్నాడు. జాస్మిన్ సైజు నాలుగు, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కొనేసి, అయిదు నెలలు గుట్టుగా దాచాడు. ఈరోజు ఉదయం చేతిలో పెట్టి బిడ్డ ముఖం చూడాలని ఆ తండ్రి ఆశ.

జాస్మిన్ ఎగిరి గంతేసింది. తల్లిని లేపింది. మంచం మీద కూర్చుని వేసుకుంది, లేసులు కట్టింది, లేచి నిలబడింది.

"సరిపోయినాయా?" షాహుల్ గొంతులో ఉత్సాహం పొంగుతోంది.

పిల్ల ఒక్క క్షణం తండ్రి ముఖంలోకి చూసింది. "సరిపోయినాయి నాన్నా!" అంది.

షాహుల్ చేసిన రెండో ఘనకార్యం ఏమిటంటే, అడుగు ఊడి దారంతో కుట్టుకున్న పాతబూట్లను "ఇంగ వీటితో పనేముంది" అని అప్పుడే వీధిలోకి వచ్చిన చెత్తబండిలో పడేశాడు. మాబున్ని బట్టల షాపులో పని చేస్తుంది, పెళ్లిళ్ల సీజనులో సెలవు దొరకలేదు. బిడ్డ నుదురు మీద ముద్దు పెట్టి, "గెలిసినా ఓడినా ఫోను చెయ్యి" అని సాగనంపింది.

కొంచెం చుట్టే అయినా ఆటో జమ్మలమడుగు మీదుగా పోయింది, సైదున్నీసా హుకుం అది. "మనవరాలు ఉరుకుతాంటే సూసేదానికి పోకుండా ఈడ కూసోని ఏం జేస్తావు?" అని ఆమె అలీ అహ్మద్‌ను తయారుచేసి పెట్టింది. తెల్లచొక్కా, అత్తరు వాసన, చేతిలో బొరుగుల ఉగ్గాని డబ్బా. జాస్మిన్ ఆటో దిగి జేజినాయనకు ఎదురుపోయి, కొత్త బూట్లు చూపించి, వెనక్కి నడిచి వచ్చింది. గట్టిగా పదిహేను అడుగులు. ఆ పదిహేను అడుగులూ ముసలాయన కన్నార్పకుండా చూశాడు.

"తల్లీ, ఆ బూట్లు నీకు బిగుతు" అన్నాడు.

"లేదు జేజినాయనా, సరిపోయినాయి."

"బొటనేలు లోపలికి మడుసుకోని నడుస్తాండావు. ఇప్పు, ఒకతూరి సూజ్జాం."

షాహుల్‌కు చుర్రుమంది. తండ్రి కువైట్ పోయిననాటి నుంచీ లోపల దాచుకున్నది ఒక్కసారిగా నోట్లోకి వచ్చేసింది. "రోజూ సూసుకుంటాండేది నేను నాయనా. పిల్లోళ్ల కాళ్ల సంగతి నీకేం తెలుసు? నీకు ఎప్పుడన్నా తెలిసిందా?"

ముసలాయన ఆటో ఎక్కి కూర్చున్నాడు. అన్న మాట ఎక్కువైందని షాహుల్‌కు అప్పుడే తెలిసింది గానీ, ఏం చేస్తాడు, స్టార్టరు లాగాడు.

ముద్దనూరు వచ్చింది. అక్కడ టీ కోసం ఆపాడు. జాస్మిన్ దిగుతూ ఆటో కమ్మీ పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. ఈసారి షాహుల్ కూడా చూశాడు. గ్లాసు బల్ల మీద పెట్టేసి, బిడ్డను బెంచీ మీద కూర్చోబెట్టి, నేల మీద కూలబడి బూటు లాగాడు. అది అంత తేలిగ్గా రాలేదు. బొటనవేలి గోరు కమిలిపోయింది. మడమ మీద పొక్కు పొంగి నీరు కారుతోంది. ఇదంతా ఇంట్లో నుంచి ఆటో దాకా, ఆటో నుంచి జేజినాయన గడప దాకా నడిచిన నడకకే!

"ఏంటికి చెప్పలేదమ్మా?" అన్నాడు.

జాస్మిన్ బావురుమంది. "నువ్వు అంత సంతోషంగా ఇస్తివి. ఎట్ట చెప్పేది నాన్నా?"

షాహుల్‌కు కళ్ల ముందు నల్ల బూట్లు కదిలాయి. రోజూ జడలేసే బిడ్డ, రోజూ వెనక నుంచి చూసే పాదాలు, అయిదు నెలల్లో పెరిగిన సంగతి తను చూడనేలేదు. ఎవరికీ తెలియనంత తనకు తెలుసన్న మనిషి, తండ్రి అన్నేళ్లు చేసిన తప్పునే ఒక బీరువా మీద డబ్బా దాచిపెట్టి చేశాడు. సిగ్గుతో తల వాలిపోయింది.

పక్కన అలీ అహ్మద్ మెల్లగా అన్నాడు, "ఆ క్యాసెట్టు నాకు చేరిందిరా."

షాహుల్ తలెత్తాడు.

"ముందు మీయమ్మ ఏదో మాట్లాడుతాది, ఆ తర్వాత నువ్వు. బూట్లు బిగుతు అని. ఎన్నితూర్లు విన్యానో నాకే తెలీదు, టేపు అరిగిపాయ. ఆ ఇంటి పిల్లోళ్లను బడికి దించేటోణ్ణి గదా, వాళ్ల కాళ్లు సూస్తా ఉంటి. బిగుతైతే ఎట్ట నడుస్తారు, వదులైతే ఎట్ట నడుస్తారు, అన్నీ నేర్సుకుంటి. నేర్సుకోని ఏం లాభం? నీ కాళ్లు ఆడ ల్యాకపాయ."

టీకొట్టు వాడు కూడా పాలు కలపడం ఆపి వింటున్నాడు. షాహుల్ ఏదో అనబోయాడు. అంతలో జాస్మిన్ ముక్కు చీదుకుంటూ లేచి, "నాన్నా, టైము ఏడైంది!" అంది. ఎనిమిదిన్నరకు పేరు నమోదు. తొమ్మిదికి పరుగు. ఏడుపుకు ఇంకెక్కడిది టైము?

ఆటో ఎగిరింది. అవును, ఎగిరిందనే చెప్పాలి. పులివెందుల చీనీ బత్తాయి తోటలు అటొకటి ఇటొకటి వెనక్కి పోతున్నాయి, షాహుల్ ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో ఫోను. బడి వ్యాయామం టీచరు ప్రసన్నకుమారి అప్పటికే గ్రౌండులో ఉంది. "నా దగ్గరున్నది ఒకటే జత, అదీ ఏడు సైజు. ఉత్త కాళ్లతో వద్దు షాహుల్, ఈ కంకర గ్రౌండులో పొక్కు పగిలిందంటే సగం కూడా ఉరకలేదు. షాపులేమో పదికి గాని తెరవరు" అంది.

ఎనిమిదీ ఇరవైకి గ్రౌండు గేటు ముందు ఆటో ఆగింది. నమోదుకు తండ్రో తల్లో సంతకం పెట్టాలి, పుట్టిన తేదీ కాగితం చూపించాలి, పిల్ల ఎదురుగా ఉండాలి. పాదం కొలవడానికి పిల్లను షాపుకు తీసుకుపోయే వీల్లేదు. షాహుల్ జుట్టు పట్టుకున్నాడు.

"కాగితం తే" అన్నాడు అలీ అహ్మద్.

షాహుల్‌కు అర్థం కాలేదు.

"కాగితంరా, కాగితం! పెన్ను గూడా."

ఆధార్ జిరాక్సు ఒకటి దొరికింది. ముసలాయన దాన్ని తిరగేసి సిమెంటు మెట్టు మీద పరిచాడు, తెల్లచొక్కా సంగతి మరిచి మోకాళ్ల మీద కూర్చున్నాడు, మనవరాలి పాదం తీసి కాగితం మీద పెట్టాడు. "పెన్ను నిటారుగా పట్టుకోవల్ల. మీ జేజి వాల్చి గీసేది. కొట్లో నిలబడి, ఈ గీత లోపలికి కొనల్నా, బయటికి కొనల్నా అని తల బాదుకునేటోణ్ణి" అంటూ చకచకా గీసేశాడు. గీసి, కాగితం గుప్పిట్లో పట్టుకుని లేచాడు.

"నాయనా, నువ్వుండు, నేను..."

"నువ్వు సంతకం పెట్టు. ఇది నా పని" అన్నాడు, అని పరుగెత్తాడు. అరవయ్యైదేళ్ల మనిషి, గేటు దాటి, పాత బస్టాండు వైపు, తెల్లచొక్కా వెనక్కి ఎగురుతుంటే!

ఆయన వెళ్లి ఏం చేశాడో తర్వాత అందరికీ తెలిసింది. షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. బూట్ల షాపు ఓనరు ఇల్లెక్కడని టిఫిన్ బండివాణ్ణి అడిగాడు. సందులో తలుపు బాదాడు. నోట్లో బ్రష్షుతో వచ్చిన ఓనరుకు కాగితం చూపించి, "ముప్పై ఏండ్ల నుంచి ఆలిశంగా పోతాండానప్పా, ఈ పొద్దు ఒక్కటి టయానికి పోవల్ల" అన్నాడట. ఆ మనిషికి ఏం అర్థమైందో ఏమో, నురగతోనే వచ్చి షట్టరెత్తాడు.

ఇక్కడ గ్రౌండులో షాహుల్ సంతకం పెట్టి, పొక్కుకు దూది అంటించి, గేటుకూ ట్రాకుకూ మధ్య తిరుగుతున్నాడు. మైకులో మొదటి పిలుపు వచ్చింది. రెండో పిలుపు వచ్చింది. మిగతా పిల్లలు గీత దగ్గరికి పోతున్నారు, జాస్మిన్ సాక్సులతో నిలబడి ఉంది. "ఇంగ రెండు నిమిషాలు" అంది ప్రసన్నకుమారి వాచీ చూసుకుంటూ.

అప్పుడు గేటులోకి ఒక మోటారుసైకిలు దూసుకొచ్చింది. తోలేవాడి మూతికి ఇంకా పేస్టు నురగ. వెనక సీటులో అలీ అహ్మద్, రెండు చేతులతో డబ్బాను తలకు పైన ఎత్తిపట్టుకుని!

తెల్ల కాన్వాసు బూట్లు, ఏ హంగూ లేనివి. ముసలాయన దిగీ దిగకముందే నేల మీద కూర్చున్నాడు. తనే తొడిగాడు, తనే లేసు బిగించాడు, బొటనవేలు చివర తన వేలుతో నొక్కి చూశాడు. ఒక బిడ్డ కాలికి బూటు తొడిగి, అది పట్టిందో లేదో తన చేత్తో చూసుకోవడం ఆయన జీవితంలో ఇదే మొదలు.

"నిజం చెప్పల్ల. సరిపోయినాయా?"

"సరిపోయినాయి జేజినాయనా."

"మాట గాదు. వేళ్లు ఆడించు, సూజ్జాం."

గుడ్డ కింద వేళ్లు చకచకా ఆడాయి. ముసలాయన నవ్వాడు. "పో, ఉరుకు!"

ట్రాకు చుట్టూ ఒకటిన్నర రౌండు. తుపాకీ పేలింది, పదకొండు మంది కదిలారు, జాస్మిన్ ఏడో స్థానంలో పడింది. కొత్త బూట్లు కదా, కాలుకు కుదురుకోవాలి. సగం రౌండుకు ఆరు. రౌండు పూర్తయ్యేసరికి అయిదు. షాహుల్ కంచె పట్టుకుని అరుస్తున్నాడు గానీ, నాలుగు బళ్ల పిల్లల కేకల్లో అతని గొంతు అతనికే వినబడటం లేదు. బిడ్డ ఎప్పుడు వేగం పెంచాలో ఆ బిడ్డకు చెప్పేది ఒకటే, అది కంచె బయట ఆగి ఉంది.

"నాయనా, హారన్! రెండుతూర్లు!"

అలీ అహ్మద్ ఆటోలోకి దూకినంత పని చేశాడు. పాం పాం!

జాస్మిన్ తల కొద్దిగా లేచింది. నాలుగు. మలుపు దగ్గర మూడు. మళ్లీ ఆ పాడు మూడు! ముందున్న పచ్చబనీను పిల్లకూ తనకూ మధ్య నాలుగడుగుల ఎడం, పోయిన ఏడాది మిగిలిపోయిన ఎడం లాంటిదే.

"ఎత్తొద్దు నాయనా! ఎత్తొద్దు! ఇడవకుండా నొక్కు!"

జడలు వేసేవాణ్ణి ఎగతాళి చేసిన ఆ మనిషి చెయ్యి హారన్ మీద అలాగే ఉండిపోయింది. గ్రౌండంతా తల తిప్పి చూసింది. కంచె బయట ఆటో గొంతు చించుకుంటోంది, లోపల తెల్లబూట్లు కంకర మీద ఎగురుతున్నాయి, మూడడుగులు, రెండు, ఒకటి, పక్కపక్కన, గీత!

ఒక్క క్షణం ఎవరికీ తెలియలేదు. తర్వాత మైకులో చెప్పారు. రెండో స్థానం, జాస్మిన్, ప్రొద్దుటూరు. షాహుల్ కంచె ఎలా దూకాడో అతనికే గుర్తు లేదు. బిడ్డను గాల్లోకి ఎత్తాడు, ప్రసన్నకుమారి ఇద్దరినీ కలిపి కావలించుకుంది, బూట్ల షాపు ఓనరు తనకేం చుట్టరికమో తెలియకుండానే ఈల వేశాడు. ఇంత గొడవలో కూడా హారన్ మోగుతూనే ఉంది. ఒక అధికారి కోపంగా పోయి, "పెద్దాయనా, అయిపోయింది, చెయ్యి తియ్యి" అంటే గానీ ఆగలేదు.

జాస్మిన్ మాబున్నికి ఫోను చేసింది. బట్టల షాపులో చీరల మధ్య నిలబడి మాబున్ని పెట్టిన కేక ఫోనులోంచి ఆటో దాకా వినబడింది. ఉగ్గాని డబ్బా ఖాళీ అయింది. పిల్ల తన బడి స్నేహితులకు బూట్లు చూపించడానికి పోయింది, ఎర్రవి కాదు, తెల్లవి.

ఆటో దగ్గర తండ్రీకొడుకులు ఇద్దరే మిగిలారు. పొద్దున అన్న మాటను షాహుల్ మరిచిపోలేదు. "నాయనా, పొద్దున నేను..." అని మొదలుపెట్టాడు.

"కాలి చెప్పు ఇడువు" అన్నాడు అలీ అహ్మద్.

"ఏంటికి?"

"ఇడువంటే ఇడువు."

నలిగిన ఆ కాగితాన్ని జేబులోంచి తీసి, మోకాలి మీద సాపు చేసి, ఆటో పక్కన నేల మీద పరిచాడు. మధ్యలో జాస్మిన్ పాదం గీత ఉంది. దాని మీద కొడుకు కాలు పెట్టించి, పెన్ను నిటారుగా పట్టుకుని, చిన్న గీత చుట్టూ పెద్ద గీత గీయడం మొదలుపెట్టాడు. షాహుల్ పడిపోకుండా తండ్రి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చిన్నప్పుడు ఎన్నిసార్లు నిలబడ్డాడో, అన్నిసార్లూ చేతి కింద ఉన్నది తల్లి భుజమే.

"కొంచెం పెద్దగా గీయి నాయనా, మల్ల పెరిగిపోతా" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

అలీ అహ్మద్ తలెత్తలేదు. మడమ చుట్టూ జాగ్రత్తగా పెన్ను తిప్పుతూ, "ఇంగ పెరగదులే" అన్నాడు. "ఈ తూరి సరిపోతాయి."